ఒకదాన్నొకటి తాకని కన్నాలు

పి.గన్నవరం,
12 ఏప్రిల్ 2025

అమ్మా సౌజన్యా,

మావయ్య దీవెనలు. నీ ఉత్తరమూ, అందులో పెట్టిన ఆరు కార్డులూ నిన్న చేరాయి. పోస్టుమాను మణికంఠ కవరు చేతికిస్తూ ఏదో అన్నాడు. నాకు వినపడదని తెలిసీ అంటాడు, పెదాలు పెద్దవి చేసి మరీ. “మీ మేనకోడలుగారు మళ్ళీ కన్నాల కాగితాలు పంపించేరండి. ఓ జల్లెడ కొని పంపేస్తే పనైపోను కదండీ” అన్నాడని పెదాలను బట్టి పోల్చుకున్నాను. వాడికి కార్డు విలువ చెప్పబోయి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు ఫైరింగు నేర్పి పోలీసు వాళ్లకే అర్థమయ్యేలా చెప్పలేకపోయాను, వాడికేం చెబుతాను.

పది మీటర్ల పిస్తోలు వదిలి యాభై మీటర్లకి మారి నీకు నెల కూడా కాలేదు. కార్డులు చెదిరిపోయాయని ఏడవకు. పది మీటర్ల దగ్గర వెంట్రుకవాసి తప్పు యాభై దగ్గర ఐదింతలవుతుంది. జానెడు వెడల్పు నల్ల చక్రం అక్కడినుంచి చూస్తే ఆవగింజంత. ఒంటి చేత్తో, ఏ ఆసరా లేకుండా, దానికి అరవై తూటాలు వెయ్యాలి. నీ జబ్బేమిటో నాకు తెలిసింది. నువ్వు ఆ ఆవగింజనే చూస్తున్నావు. చూడకు. పిస్తోలు గొట్టం కొసన ఉన్న ఫోర్‌సైట్‌ని చూడు. అది గీత గీసినట్టు ఉండాలి, టార్గెట్ మసకబారిపోవాలి. చెప్పడం తేలికే గానీ కళ్లు మాట వినవు. నీవి అసలే వినవు, చిన్నప్పటి నుంచీ అంతే.

కార్డులెందుకు, ఫోటో తీసి ఫోనులో పంపుతానని రాశావు. నాది బొత్తాల ఫోను, దానికి ఫోటోలు రావు. వచ్చినా నాకొద్దు. ఫోటోలో కన్నం ఒట్టి చుక్క. కాగితం మీదయితే తూటా తుడుచుకుంటూ పోయిన మసి ఉంటుంది, వెనకవైపు చిరుగు ఉంటుంది. కార్డుని గడియారం అనుకుని, ఏ గంట వైపు కన్నాలు జారాయో చూస్తే, ఆ రోజు నువ్వెలా నిలబడ్డావో, తిన్నావో లేదో, ఎవరితో తగువు పడ్డావో నాకు తెలుస్తుంది.

ఇంకో సంగతి. మీ అత్తయ్య ఉన్నన్నాళ్లు ఊళ్లో మాటలన్నీ నా ముంజేతి మీద వేలితో రాసి చెప్పేది. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నాతో మాట్లాడేవి నీ కార్డులే. నెలకోసారి పంపు, మానకు. మానేస్తే నాకు మాట్లాడే మనిషి లేనట్టే. ఇందులో దాచుకోవడానికేం లేదు, ఉన్నమాట రాస్తున్నాను.

సెప్టెంబరు ట్రయల్స్‌లో మీ పోలీసు దళం మొత్తానికి ఇద్దరినే పిస్తోలు జట్టులోకి తీసుకుంటారని రాశావు. ఆ ఇద్దరిలో నువ్వుండాలి. చెవులకి మఫ్‌లు తీయకుండా పెట్టుకో. నేను దూది పెట్టుకుని సరిపోతుందనుకున్నాను, చూస్తున్నావుగా.

మావయ్య,
కృపారావు


జబల్పూర్ క్యాంపు,
9 మే 2025

మావయ్యగారికి,

వందనాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఫోర్‌సైట్‌ని చూస్తున్నాను, మీరు దగ్గరుండి నెత్తిన మొట్టికాయ వేస్తున్నారనుకుని మరీ చూస్తున్నాను. ఈసారి మొత్తం 512 వచ్చింది, ఆరొందలకి. నవ్వకండి. మా కోచ్‌గారు నవ్వలేదు.

ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. రేంజిలో నేల మీంచి వేడి లేచి నల్ల చక్రం నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. అందుకని పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగిస్తున్నాం. ఆ తర్వాత రోజంతా ఖాళీ. ఆ ఖాళీయే కష్టంగా ఉంది మావయ్యా.

దుర్గాభవాని వెళ్లిపోయింది. నా గదిలో ఉండే కొత్తపేట అమ్మాయి, మీకు రాశాను కదా. దాన్ని అస్సాం వేశారు. పెట్టె సర్దుకుంటూ “ఇంక నిన్ను తెలుగులో తిట్టేవాళ్లు లేక బెంగెట్టేసుకుంటావే, చూడు” అంది. నిజమే అయింది. నేనేం చెప్పినా “ఆయ్, ఆయ్” అంటూ ఊ కొట్టే మనిషి ఇప్పుడు క్యాంపులో లేదు. ఈ పది రోజుల్లో నేను తెలుగు మాట్లాడింది అమ్మతో మాత్రమే. అమ్మ కువైట్ నుంచి శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తుంది. పది నిమిషాలు. అందులో సగం “తిన్నావా, ఒళ్లు జాగ్రత్త” అనడానికే సరిపోతుంది. ఇంకో రెండేళ్లు అక్కడే ఉంటానని ఈ వారం చెప్పింది. నేను సరే అన్నాను.

కార్డులు పెట్టాను. మీరు చదివి ఏం రాస్తారా అని ఇప్పటినుంచే ఎదురుచూస్తున్నాను. ఇక్కడ నన్ను ‘లేన్ నంబర్ ఏడు’ అంటారు. మీ ఉత్తరంలోనే నాకు పేరుంటుంది.

మీ
సౌజన్య


పి.గన్నవరం,
3 జూన్ 2025

అమ్మా సౌజన్యా,

512 అంటే నవ్వాల్సిన అంకె కాదు. నేను మొదటిసారి యాభై మీటర్లలో వేసినది నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

కార్డులు కిటికీ ఊచలకి ఆనించి వెలుతురులో చూశాను. మొదటి మూడూ ముచ్చటగా ఉన్నాయి. రెండో కార్డులో తొమ్మిదో వలయం మీద ఒక తూటా ఇంకోదాని కన్నంలోంచే దూరిపోయింది, పెద్ద సున్నా పక్కన చిన్న సున్నా అంటుకున్నట్టుంది. నాలుగో కార్డు చూడగానే నాకు కోపమొచ్చింది. నాలుగు తూటాలు ఏడు గంటల వైపు కిందకి జారాయి. కుడిచేతి వాటం మనిషి ట్రిగ్గరుని నెమ్మదిగా నొక్కకుండా గుంజితే అలాగే జారుతుంది. అది చేతి తప్పు కాదు. నువ్వు ఎవరిమీదో కోపంగా ఉన్నావు. ఎవరిమీదో నీ ఉత్తరంలోనే ఉంది, ‘నేను సరే అన్నాను’ అన్నచోట. మీ అమ్మ మీద కోపం మీ అమ్మకే చెప్పు. ట్రిగ్గరుకి చెప్పకు.

రోజూ సాయంత్రం అరగంట తూటా లేని పిస్తోలుతో గోడకేసి నిలబడి నొక్కు. నొక్కినప్పుడు ఫోర్‌సైట్ కదిలిందంటే అబద్ధం నొక్కావన్నమాట.

ఇక్కడి కబురొకటి. గత ఆదివారం చర్చిలో పాట అయిపోయిందట. అందరూ కూర్చున్నారు. నేను పుస్తకంలో తల దూర్చి ఇంకా రెండు చరణాలు పాడేశాను. తలెత్తి చూస్తే పాస్టరుగారితో సహా అందరూ నావైపే చూస్తున్నారు. పక్కింటి వీరలక్ష్మి ఆ వేళ చర్చి ముందునుంచే వెళ్తోందట. సాయంత్రం వచ్చి “అన్నయ్యగారూ, మీరొక్కరే పాడితేనే బాగుందండి” అని పలక మీద రాసి చూపించింది. నన్ను ఓదార్చడానికి రాసిందో, ఎగతాళికి రాసిందో తెలియలేదు. ఆ రోజంతా దిగులుగా ఉంది. మర్నాడు నీ కార్డులు వచ్చాయి.

కృపారావు


జబల్పూర్ క్యాంపు,
6 జులై 2025

మావయ్యా,

కార్డులో కోపం కూడా కనిపిస్తుందని తెలిస్తే ఆ నాలుగోది పంపేదాన్నే కాదు. అమ్మకి చెప్పాను. ఏడ్చింది, నేనూ ఏడ్చాను, పది నిమిషాలు అయిపోయాయి. కానీ మనసు తేలికపడింది.

531! నిన్నటి స్కోరు. చివరి పది తూటాల్లో ఒక్కటి కూడా ఎనిమిదో వలయం దాటి బయటికి పోలేదు. ఎవరికైనా చెప్పాలనిపించి మెస్సులో వంటాయనకి చెప్పాను. ఆయన ఇంకో రొట్టె వేశాడు. అంతే.

జట్టుకి పోటీ పడుతున్నవాళ్లం ఐదుగురం. ఇప్పటికి నేను మూడో స్థానంలో ఉన్నాను. రెండో అమ్మాయికీ నాకూ తేడా నాలుగు పాయింట్లు.

ఒక చిన్న సంగతి. పొద్దున్న లేవగానే కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కి ఉంటున్నాయి. కాసేపు విదిలిస్తే పోతోంది. మోచెయ్యి మీద పడుకుంటున్నానేమో. పెద్దదేం కాదు, మీకు చెప్పకపోతే కార్డులో కనిపెట్టేస్తారని ముందే చెబుతున్నాను.

వానలు మొదలయ్యాయి. మీకు ఏటి నీళ్లు ఎంతదాకా వచ్చాయి?

మీ
సౌజన్య


పి.గన్నవరం,
19 జులై 2025

అమ్మా,

స్కోరు తర్వాత. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్లు. తిమ్మిరి చిన్నది కాదు. నొప్పి దాచుకుని కాల్చినవాళ్లను నేను చాలామందిని చూశాను, ఒక్కరికీ మంచి జరగలేదు. నా మాట మీద గౌరవం ఉంటే వెళ్లు.

కార్డులు బ్రహ్మాండంగా ఉన్నాయి. వివరంగా తర్వాత రాస్తాను.

కృపారావు


జబల్పూర్ క్యాంపు,
21 ఆగస్టు 2025

మావయ్యగారికి,

వందనాలు. ఆలస్యమైంది, క్షమించండి. పనులు ఎక్కువగా ఉన్నాయి. డాక్టరుకి చూపించాను. కంగారేం లేదన్నారు.

ఆరు కార్డులు పంపుతున్నాను. మొత్తం 541. ట్రయల్స్ వచ్చే నెల ఇరవైన.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

సౌజన్య


పి.గన్నవరం,
5 సెప్టెంబరు 2025

అమ్మా సౌజన్యా,

కార్డులు అందాయి. బాగున్నాయి.

ఇక్కడ వరద వచ్చి తగ్గింది. లంకల వాళ్లు వారం రోజులు పడవల మీదే తిరిగారు. నేను రోజూ ఏటి మీంచి కాలువ దాటే అక్విడక్టు మీద కాసేపు నిలబడి ఎర్రనీళ్లు చూసి వచ్చాను. అంత నీరు అంత వేగంగా పోతుంటే చప్పుడు ఎంత ఉంటుందో కదా. పక్కన నిలబడ్డ కిషోర్ అనే కుర్ర టీచరు చెవులు మూసుకుని చూపించాడు. నేనూ మర్యాదకి మూసుకున్నాను.

కొబ్బరికాయ ధర బాగుందంటున్నారు. నాకున్నవి నాలుగు చెట్లు, ఎంతుంటే ఏం.

అన్నం వేళకి తిను. చెయ్యి జాగ్రత్త.

కృపారావు


జబల్పూర్ క్యాంపు,
28 సెప్టెంబరు 2025

మావయ్యా,

‘కార్డులు అందాయి. బాగున్నాయి.’ ఇంతేనా? ఆరు కార్డులకి రెండు మాటలా? ఏ గంట వైపు జారాయో లేదు, ఊపిరి ఎక్కడ తప్పానో లేదు, తిట్టు లేదు. మీ ఉత్తరం విప్పి వెనక్కి తిప్పి కూడా చూశాను, ఇంకేమైనా రాశారేమోనని. కొబ్బరికాయ ధర ఉంది.

మీకు ఒంట్లో బాగుండలేదా? కళ్లు ఇబ్బంది పెడుతున్నాయా? నిజం చెప్పండి. వీరలక్ష్మిగారికి ఫోను చేశాను. “ఆయ్, బాగానే ఉన్నారండి, నిన్ననే మా ఇంట్లో చేపల పులుసు తిన్నారండి” అన్నారు. పులుసు తినే మనిషికి కార్డు చదవడానికి ఓపిక లేదా?

ట్రయల్స్ నవంబరుకి వాయిదా పడ్డాయి. వానల వల్ల. ఈసారి 548. ఆరు కార్డులూ పెట్టాను. దయచేసి చదవండి. ఎప్పటిలా చదవండి. మీరు చదవడం మానేస్తే ఇక్కడ నేనున్నట్టు ఎవరికీ తెలియదు.

సౌజన్య


పి.గన్నవరం,
12 అక్టోబరు 2025

అమ్మా సౌజన్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీకు కోపం వచ్చినా, నవ్వు వచ్చినా చివరిదాకా చదువు.

నువ్వు ఆగస్టులో పంపిన ఆరు కార్డులూ, ఇప్పుడు పంపిన ఆరూ తూటాలు చేసిన కన్నాలు కావు. పెన్సిలుతో పొడిచినవి.

మంచి పనితనమే. పెన్సిలు మొన నలుపు కన్నం చుట్టూ అంటుకుని తూటా మసిలాగే ఉంది. ఒకటి రెండు ఏడు గంటల వైపు కూడా పెట్టావు, నేను నమ్మాలని. ఎవరికి చూపించినా నమ్ముతారు. కానీ నూట ఇరవై కన్నాల్లో ఒక్కటి కూడా పక్కదాన్ని తాకలేదు. నిజంగా కాల్చినప్పుడు అలా జరగదు. జూన్‌లో రాశానుగా, ఒక తూటా ఇంకోదాని కన్నంలోంచే పోయిందని. అరవై వేస్తే అలాంటివి రెండో మూడో ఉండి తీరతాయి. పెన్సిలు పట్టుకున్న మనిషి మాత్రం ఉన్న కన్నంలో మళ్ళీ పొడవదు. ఖాళీ చోటు వెతుక్కుంటుంది. నీ కార్డులు నాట్లు వేసిన మడిలా ఉన్నాయి.

ఇది నాకెలా తెలుసో కూడా చెప్పాలి. నేనూ ఒకసారి పొడిచాను.

అప్పుడు మేం ట్రైనింగులో ఉన్నాం. టార్గెట్ల కింద గొయ్యి ఉంటుంది, దాన్ని బట్ అంటారు. అక్కడ కూర్చుని కార్డులు దించి, కన్నాలు లెక్కపెట్టి చెప్పడం ఆ రోజు నా వంతు. పైన కాలుస్తున్నవాడికి అది మూడో అవకాశం. తప్పితే ఇంటికి పంపేస్తారు. వాడు నాకు ప్రాణ స్నేహితుడు. పది తూటాల్లో మూడే తగిలాయి. మిగిలిన ఏడూ నేను జేబులో పెన్సిలుతో పొడిచాను. వాడు అడగలేదు, నేనే పొడిచాను. మా ఉస్తాద్ కార్డుని ఎండకేసి పట్టుకుని ఒక్క క్షణం చూశాడు. “తూటాకి మొహమాటం ఉండదురా, ఎవరి కన్నంలోంచైనా పోతుంది. మొహమాటమంతా మనిషి చేతికే” అన్నాడు. ఆ మధ్యాహ్నమే నా పేరు పిస్తోలు జట్టు లిస్టులోంచి కొట్టేశారు. ఉద్యోగం ఉంచారు. పోటీకి మాత్రం మళ్ళీ ఎప్పుడూ పంపలేదు. నేనెందుకు ఆడలేదని చిన్నప్పుడు అడిగేదానివి. ఇదీ కారణం.

వాడికి జాలిపడి ఇంకో అవకాశం ఇచ్చారు. ఈసారి నిజంగానే కొట్టాడు. నాలుగేళ్లకి నా చెల్లెల్ని చేసుకున్నాడు. వాడు మీ నాన్న ప్రేమ్ కుమారే. పోయేదాకా ఈ మాట మా ఇద్దరి మధ్యే ఉంది. మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు. నేను బాధపడలేదని రాయను. బాధపడ్డాను, ముప్పై ఏళ్లు. కానీ పశ్చాత్తాపం లేదు.

ఆగస్టులోనే కనిపెట్టి సెప్టెంబరులో ఎందుకు ఊరుకున్నానంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, భయపడ్డాను. అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుని కార్డులు మానేస్తావని. దొంగ కార్డయినా రానీ, కవరైనా రానీ అనుకున్నాను. కొబ్బరికాయ ధర రాశాను. కానీ రెండోసారి వచ్చినవి చూశాక ఉండలేకపోయాను. అరవై కన్నాలు అంత శ్రద్ధగా పొడవాలంటే గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరా నువ్వు ఒక్కదానివే తలుపేసుకుని కూర్చుని ఉంటావు. అది తలుచుకుంటే నాకు అన్నం దిగలేదు.

ఏం జరిగిందో రాయి. నేను తిట్టను.

మావయ్య


జబల్పూర్ క్యాంపు,
30 అక్టోబరు 2025

మావయ్యా,

నాకు ముందు సిగ్గేసింది. తర్వాత ఎంత ఏడ్చానో చెప్పలేను. ఆ ఏడుపు సగం హాయిగానే ఉంది.

జులైలో మీ ఉత్తరం అందిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాను, మీరు చెప్పినట్టే. మోచేతి దగ్గర నరం నలిగిందన్నారు. ఆపరేషన్ చేయిస్తే రోజువారీ పనులకి చెయ్యి పనికొస్తుంది గానీ, యాభై మీటర్ల దగ్గర పిస్తోలు నిలిపే పట్టు ఇక రాదన్నారు. ఆయన ఆ సంగతి కాగితం మీద రాసి ఆఫీసుకి పంపేశారు. ఆగస్టు ఒకటిన నన్ను రేంజి నుంచి తీసేశారు. పిస్తోలు ఆయుధాగారంలో అప్పగించి సంతకం పెట్టాను. సంతకం కూడా వంకరగా వచ్చింది. ట్రయల్స్ వాయిదా పడలేదు. సెప్టెంబరు ఇరవైనే జరిగాయి. నేను ఆ రోజు గేటు దగ్గర కూర్చుని, లోపలికి వచ్చే బళ్ల నంబర్లు ఎడమ చేత్తో రాసుకున్నాను. రేంజి చప్పుడు అక్కడిదాకా వినిపిస్తుంది. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను.

మీకు ఎందుకు చెప్పలేదంటే, మీరు వెళ్లమన్నారు కాబట్టి వెళ్లాను. ఆ సంగతి రాస్తే, మీ మాట వల్లే నా ఆట పోయిందని మీరు అనుకుంటారు. నేను ఇక్కడుండి కాదని ఎంత రాసినా మీరు నమ్మరు. ఆ ఇంట్లో ఒక్కరే కూర్చుని అదే తలుచుకుంటారు. పైగా కార్డులు ఆగితే మీతో మాట్లాడే మనిషి లేనట్టేనని మీరే రాశారు. అందుకని ఎవరూ కాల్చని పాత టార్గెట్లు నాలుగు కట్టలు అడిగి తెచ్చుకున్నాను. మీరు చెప్పింది నిజమే, గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నాకు బాగానే గడిచింది మావయ్యా. ఇది ఏడో తూటా, ఇక్కడ మావయ్య ఫలానా తిట్టు తిడతారు అనుకుంటూ పొడిచాను.

ఇప్పుడు పంపడానికి నా దగ్గర కార్డులు లేవు. ఇక ఉండవు కూడా. కార్డు లేకుండా మీకు ఏం రాయాలో నాకు తెలియదు. మనం ఎప్పుడూ వాటి గురించే కదా మాట్లాడుకున్నాం. మీరూ నాకు ఏం రాస్తారు? ఇదొక్కటే భయంగా ఉంది. జట్టు పోయినందుకు కూడా ఇంత భయం వెయ్యలేదు.

నాన్న సంగతి చదివి రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఎవరూ లేరనుకోండి. అయినా.

సౌజన్య


పి.గన్నవరం,
11 నవంబరు 2025

అమ్మా సౌజన్యా,

నా మాట విని డాక్టరు దగ్గరికి వెళ్లావు. మంచి పని చేశావు. మళ్ళీ అడిగినా వెళ్లమనే చెబుతాను. నా వల్లే అయిందని అనుకుంటానని భయపడ్డావు. అనుకున్నాను, రెండు రోజులు అనుకున్నాను. మూడో రోజు, వెళ్లకపోతే చెయ్యే పోయేదని నాకు నేను చెప్పుకున్నాను. పూర్తిగా నమ్మలేదు. నమ్ముతాను, టైము పడుతుంది.

ఆపరేషన్ చేయించుకో. తేదీ రాయి.

కార్డు లేకపోతే ఏం రాయాలని అడిగావు. నాకూ తెలియదు. నేను కాగితం చూడకుండా మాట్లాడటం నేర్చుకోలేదు. మీ అత్తయ్య అదే అనేది. అందుకని ఒక పని చెయ్యి. ఒక తెల్లకాగితం బల్ల మీద పెట్టి, దాని మీద నీ కుడి చెయ్యి ఆనించి, ఎడమ చేత్తో చుట్టూ పెన్నుతో గీయి. అది పంపు. చెయ్యి ఎలా ఉందో నేను చూడాలి.

కృపారావు


జబల్పూర్ క్యాంపు,
25 నవంబరు 2025

మావయ్యా,

గీశాను. చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిన్నగా ఆనలేదు. ఎడమ చేత్తో వాటిని నొక్కిపెట్టి గీద్దామని అనుకున్నాను, బాగా కనపడాలని. మానేశాను. ఎలా ఉందో అలాగే పంపుతున్నాను.

ఆపరేషన్ డిసెంబరు పద్దెనిమిదిన.

సౌజన్య


పి.గన్నవరం,
6 డిసెంబరు 2025

అమ్మా సౌజన్యా,

చెయ్యి అందింది. కిటికీకి పెట్టి చూశాను. రెండు వేళ్లూ లోపలికి తిరిగాయి. చూపుడు వేలు బాగుంది. ఉంగరపు వేలి దగ్గర గీత రెండుచోట్ల ఆగి మళ్ళీ మొదలైంది. అక్కడ ఏడ్చావు. మణికట్టు దగ్గర రెండు గీతలూ కలపకుండా వదిలేశావు. అదే మంచిది, కలిపేస్తే చేతొడుగులా ఉంటుంది.

పద్దెనిమిదికి నేను వస్తున్నాను. రాజమండ్రిలో రైలెక్కుతాను. స్టేషన్ల పేర్లు పిలిచేది నాకు వినపడదు గనక, ఊళ్ల పేర్లు వరసగా ఒక కాగితం మీద రాయించుకున్నాను. మణికంఠ రాసిచ్చాడు. “ఎందుకండీ అంత దూరం, ఓ కార్డు ముక్క పడేస్తే పోను కదండీ” అన్నాడు. వాడితో మాట్లాడి లాభం లేదు.

కాగితాన్ని బల్ల మీద పరిచి దాని మీద నా చెయ్యి పెట్టాను. నీ వేళ్లు నా వేళ్లకంటే పొడుగు. పదకొండేళ్ల పిల్లప్పటి నుంచి ఆ చెయ్యి పట్టుకుని పిస్తోలు నిలపడం నేర్పాను, ఎప్పుడూ పక్కన పెట్టి చూసుకోలేదు. చాలాసేపు తియ్యలేదు. కాగితం వెచ్చబడింది.

వచ్చే నెల ఎడమ చెయ్యి పంపు.

మావయ్య